పాత వర్క్‌స్టేషన్‌కు ప్రాసెసర్: తలకిందులుగా వినిపించే పది సలహాలు

పాత వర్క్‌స్టేషన్‌కు ప్రాసెసర్ మార్చాలనుకునేవారికి సికింద్రాబాద్‌లో దొరికే సలహా ఒకటి, రాజవొమ్మంగి లాంటి ఏజెన్సీ ఊళ్లో పనికొచ్చే సలహా ఇంకొకటి. సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న చిప్ పడకపోతే సాయంత్రానికి మళ్లీ వెళ్లి మార్చుకోవచ్చు. అక్కడి మాటలు ఆ వసతిని బట్టి పుట్టినవే: "సాకెట్ ఒకటే కదా, తీసుకెళ్లండి. ఉన్నవాటిలో పెద్దది వేయించండి. పడకపోతే అప్పుడు చూద్దాం." మన ఏజెన్సీలో ఆ "చూద్దాం" చాలా ఖరీదు. పార్సిల్ రావడానికి కొన్ని రోజులు, పడలేదని తెలిశాక తిప్పి పంపడానికి మరికొన్ని రోజులు. ఈలోపు పెళ్లిళ్ల ముహూర్తాలు దాటిపోతాయి, ఆల్బమ్ ఇవ్వాల్సిన స్టూడియో చేతులు కట్టుకుని కూర్చోవాలి. మెకానిక్‌కు చూపించాలన్నా పెట్టెను బస్సులో వేసుకుని ఏలేశ్వరమో నర్సీపట్నమో తునో దిగాలి.

కాబట్టి ఈ సలహాలు బజారు మాటకు ఎదురు తిరుగుతాయి. శీర్షిక చదవగానే ఇదేం సలహా అనిపిస్తుంది. కారణం చదివాక మీరే తేల్చుకోండి. ఉదాహరణలు ఎక్కువగా హెచ్‌పీ జెడ్ వరసలోంచి ఇస్తున్నాను. కంపెనీలు వదిలించుకున్నాక సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చే వర్క్‌స్టేషన్లలో అవీ, డెల్ ప్రెసిషన్‌లూ తరచుగా కనిపిస్తాయి. పెట్టె ఏదైనా సూత్రం ఒకటే: ప్రాసెసర్‌ను ముందు మదర్‌బోర్డు ఎంచుకుంటుంది, తర్వాత ఊరి కరెంటు, ఆ తర్వాత మీ పని. మన సరదా చివర్లో.

1. ప్రాసెసర్ మార్చాలనుకుంటే ముందు ప్రాసెసర్ కొనకండి

సిస్టమ్ నెమ్మదించిందంటే నింద ప్రాసెసర్ మీద పడుతుంది. 2009 నుంచి 2013 దాకా వచ్చిన వర్క్‌స్టేషన్లలో అసలు అడ్డం చాలాసార్లు తిరిగే హార్డ్‌డిస్క్. జెడ్400 లాంటి ఎక్స్58 చిప్‌సెట్ బోర్డు మీద సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే. అయినా దానికి ఒక మామూలు ఎస్ఎస్‌డీ తగిలిస్తే విండోస్ తెరుచుకోవడం, ఫొటోషాప్ లేవడం, వందల ఫొటోలున్న ఫోల్డర్ కనిపించడం అన్నీ కళ్లెదుటే మారిపోతాయి. ఎంత పెద్ద ప్రాసెసర్ వేసినా ఈ మార్పు రాదు.

తర్వాత ర్యామ్ చూడండి. జెడ్400, డెల్ టీ3500 తరంలో ప్రాసెసర్ ర్యామ్‌తో మూడు దారుల్లో మాట్లాడుతుంది. అక్కడ రెండో నాలుగో పెట్టడం కంటే ఒకే రకం కడ్డీలు మూడు పెట్టడం మేలు. 4 జీబీవి మూడు పెడితే 12 జీబీ అవుతుంది, మూడు దారులూ పనిలో ఉంటాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. జెడ్400కి అన్‌బఫర్డ్ ర్యామ్ కావాలి. సర్వర్లలోంచి ఊడదీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చవకగా వస్తుంది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, ఇందులో మాత్రం పనిచేయదు.

మూడోది అన్నిటికన్నా చిన్నది: మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు భద్రత సరిగా లేదంటూ తెరుచుకోవు. అది చూసి సిస్టమ్ పాతబడిపోయింది, ప్రాసెసర్ మార్చేయాలి అనుకునేవారు ఉన్నారు. మారాల్సింది బ్యాటరీ.

ఈ మూడూ అయ్యాక వారం రోజులు మామూలుగా పని చేసుకోండి. పని చేస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ గీత, లేదా ఒకటి రెండు కోర్ల గీతలైనా, ఎప్పుడూ నూరు దగ్గరే అంటుకుని ఉంటే అప్పుడు మిగతా సలహాలు మీకోసమే.

2. సాకెట్‌ను నమ్మకండి

సాకెట్ ఒకటే అయితే చిప్ పడుతుందన్నది బజారులో ఎక్కువగా వినిపించే మాట, ఎక్కువగా ముంచేదీ అదే. ఎల్‌జీఏ2011, ఎల్‌జీఏ2011-3 రెండింటికీ కాంటాక్టులు 2011. కానీ మొదటిది డీడీఆర్3 కాలపు జియాన్ ఈ5 మొదటి తరానికీ వీ2కీ. రెండోది డీడీఆర్4 వచ్చాక వీ3, వీ4లకు. ఒకదానిది ఇంకొకదానిలో పనిచేయదు. ఎల్‌జీఏ1151 కథా ఇంతే. ఆరు, ఏడు తరాల కోర్ ప్రాసెసర్లకూ, ఎనిమిది, తొమ్మిది తరాలకూ సాకెట్ పేరు ఒకటే. చిప్‌సెట్లు మాత్రం వేరు, ఇటు బోర్డు మీద అటు చిప్‌కు ఇంటెల్ అనుమతి లేదు.

ఎల్‌జీఏ1155 ఇంకా చిత్రం. ఇళ్లలో వాడే చవక హెచ్61 బోర్డులో బయాస్ కొత్తది వేస్తే మూడో తరం కోర్ ఐ5 పడుతుంది. ఆఫీసుల కోసం చేసిన క్యూ65, క్యూ67, బీ65 చిప్‌సెట్ల మీద మూడో తరం పడదు. కంపెనీలనుంచి వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్ 790, 990 ఈ రెండో జాబితాలోవే. 7010 అయితే మూడో తరం తీసుకుంటుంది. చవక బోర్డుకు పడింది ఖరీదైన బోర్డుకు పడదని ఎవరూ ఊహించరు, అక్కడే డబ్బు పోతుంది.

ఇదే సాకెట్‌కు జియాన్ ఈ3 కూడా చవకగా వస్తుంది. మంచి ఎంపికే. కానీ ఈ3-1230 వీ2లో గ్రాఫిక్స్ లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పెట్టెలో వేస్తే తెర మీద ఏమీ రాదు, చిప్ పాడైందని తిరిగి పంపేస్తారు. కార్డు లేనివారు గ్రాఫిక్స్ ఉన్న 1225, 1245 లాంటివి అడగాలి.

స్టిక్కరు అంటించి, సాకెట్ గాట్లు కోసి 771 జియాన్‌ను 775 బోర్డులో పెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. దాని జోలికి పోకండి. బోర్డు పోతే మళ్లీ అలాంటి బోర్డు ఈ చుట్టుపక్కల వెతకలేం.

3. మోడల్ పేరునూ నమ్మకండి, మూత తీసి లెక్కపెట్టండి

సాకెట్ సంగతి సరే, మోడల్ నంబరు చెబితే చాలదా అంటారు. చాలదు. హెచ్‌పీ జెడ్400 పేరుతో రెండు రకాల బోర్డులు వచ్చాయి. ముందొచ్చినదానికి ర్యామ్ స్లాట్లు నాలుగు, తర్వాత వచ్చినదానికి ఆరు. పెట్టె బయటినుంచి ఒకేలా ఉంటుంది. ఆరు స్లాట్లున్నదే డబ్ల్యూ3680, డబ్ల్యూ3690 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్లను తీసుకుంటుంది. నాలుగు స్లాట్లదానికి నాలుగు కోర్ల 3500 వరసే గతి. కాబట్టి పక్క మూత తీసి ప్రాసెసర్ పక్కనున్న ర్యామ్ స్లాట్లు లెక్కపెట్టండి. అమ్మేవాడు ఏమన్నా, ఇంటర్నెట్‌లో ఏం రాసి ఉన్నా, ఆ లెక్కదే చివరి మాట.

జెడ్600, జెడ్800లలో తేడా కంటికి కనిపించదు, తెర మీద చూడాలి. ఆన్ చేయగానే ఎఫ్10 నొక్కుతూ ఉంటే సెటప్ వస్తుంది. ఫైల్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బూట్ బ్లాక్ డేట్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ 2009 ఉంటే ఆ బోర్డు 5500 వరస వరకే. 2010 ఉంటే ఆరు కోర్ల 5600 వరస పడుతుంది. జెడ్420, జెడ్620, జెడ్820లలోనూ ఇదే పద్ధతి: బూట్ బ్లాక్ 2011దైతే ఈ5 మొదటి తరం మాత్రమే, 2013దైతే వీ2 కూడా.

బయాస్ కొత్తది వేస్తే ఈ తేదీ మారుతుందని చాలామంది నమ్మకం. మారదు. బయాస్ అప్‌డేట్ మిగతా భాగాన్ని మారుస్తుంది, బూట్ బ్లాక్‌ను ముట్టుకోదు. పాత తేదీ ఉన్న పెట్టె మీ దగ్గరుంటే దాని హద్దు తెలిసినట్టే. ఆ హద్దు లోపల అన్నిటికన్నా మంచి చిప్ వెతకండి.

4. అన్నిటికన్నా పెద్దది అడగకండి

జాబితాలో పైనున్నదే కొనాలన్న కోరిక సహజం. 5600 వరసలో పైనున్నది ఎక్స్5690: ఆరు కోర్లు, 3.46 గిగాహెర్ట్జ్, 130 వాట్లు. అదే వరసలో ఎక్స్5670 కూడా ఆరు కోర్లే: 2.93 గిగాహెర్ట్జ్, 95 వాట్లు. ఈ5645కీ ఆరు కోర్లే: 2.4 గిగాహెర్ట్జ్, 80 వాట్లు. ఎల్5640 అయితే 2.26 గిగాహెర్ట్జ్, 60 వాట్లు. నాలుగింటికీ క్యాష్ 12 ఎంబీ.

వాట్లంటే చిప్ గట్టిగా పనిచేసేటప్పుడు హీట్‌సింక్ బయటికి పంపాల్సిన వేడికి కంపెనీ ఇచ్చే కొలత. జెడ్600కి హెచ్‌పీ ఇచ్చినవి 95 వాట్ల దాకానే. 130 వాట్లవి జెడ్800కి. సాకెట్ ఒకటే కదా అని జెడ్600లో ఎక్స్5690 బిగిస్తే ఆ హీట్‌సింక్ ఏసీ గదిలో నెట్టుకురావచ్చేమో గానీ, మే నెలలో రేకుల షెడ్డు కింద, దుమ్ము పట్టిన ఫ్యానుతో నిలవలేదు. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న 3.46 గిగాహెర్ట్జ్ మధ్యాహ్నం పూట మీ చేతికి రాదు.

ఇక కరెంటు. మన దగ్గర కరెంటు పోవడమంటే ఎక్కడో లైను మీద కొమ్మ పడిందని అర్థం, ఎప్పుడొస్తుందో తెలియదు. షాపుల్లో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల వరకే మోస్తుంది. లోపల 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు. ఒక్కసారిగా ఎక్కువ లాగేటప్పుడు చేతికొచ్చేది అందులో సగమో ఇంకా తక్కువో. 130 వాట్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిసి లాగుతుంటే ఫైలు సేవ్ చేసుకునే లోపే యూపీఎస్ కూత ఆగిపోతుంది. 80 వాట్లదో 60 వాట్లదో వేసుకుంటే సేవ్ చేసి, సిస్టమ్ మామూలుగా ఆపేంత సమయం దొరుకుతుంది. ఇక్కడ వేగం కంటే ఆ కొద్ది నిమిషాలకే విలువ ఎక్కువ.

5. కోర్లు తక్కువున్నదాన్ని అడగండి

పైన చెప్పినదానికి ఇది ఎదురు అనిపించవచ్చు. కాదు, ఇది మీ పనిని బట్టి. పది కోర్ల జియాన్ నాలుగు కోర్ల ధరకే వస్తోందంటే ఎవరికైనా చేయి ముందుకు వెళ్తుంది. పెద్ద కంపెనీలు సర్వర్లు మార్చినప్పుడల్లా అవి గంపగుత్తగా బయటికొస్తాయి కాబట్టి చవక. ఈ5-2650ఎల్ వీ2కి కోర్లు పది, వేగం 1.7 గిగాహెర్ట్జ్. ఈ5-1620 వీ2కి కోర్లు నాలుగే, వేగం 3.7 గిగాహెర్ట్జ్.

రాజవొమ్మంగిలో వర్క్‌స్టేషన్ మీద జరిగే పనులేమిటి? పెళ్లి ఆల్బమ్ డిజైన్, ఫ్లెక్సీ, శుభలేఖ, పేజ్‌మేకర్‌లో కరపత్రం, కోరెల్‌డ్రాలో స్టిక్కర్లు, పాస్‌పోర్టు ఫొటోలు. ఇవన్నీ ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తాయి. పది కోర్లలో ఎనిమిది ఊరికే కూర్చుంటే పనిలో ఉన్న రెండు తక్కువ వేగం దగ్గరే కొట్టుకుంటాయి. ఫిల్టర్ వేసి ఎదురుచూడటం పాత చిప్‌తో కంటే పెరగొచ్చు కూడా. ఇలాంటి పనికి నాలుగు కోర్ల 1620 వీ2యే సరైనది. ఆరు కోర్లు కావాలంటే 3.5 గిగాహెర్ట్జ్ ఈ5-1650 వీ2 చూడండి. ఈ రెండూ 130 వాట్లవే కాబట్టి ముందు జెడ్420 లాంటి తగిన పెట్టె, తగిన యూపీఎస్ ఉండాలి.

పెళ్లి వీడియో ఎడిటింగ్ ప్రధానమైనవారి సంగతి వేరు. వీడియో బయటికి తీసేటప్పుడు కోర్లన్నీ పనిలో దిగుతాయి. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోవాలనుకునేవారికి ఎక్కువ కోర్లు, తక్కువ వాట్లు ఉన్న చిప్ న్యాయమైన ఎంపిక. ఏ పని మీద మీకు ఎక్కువ డబ్బులొస్తాయో ఆ పనికి కొనండి.

6. రెండో సాకెట్‌ను ఖాళీగానే ఉంచండి

జెడ్600, జెడ్800, డెల్ టీ5500 లాంటివి రెండు ప్రాసెసర్ల యంత్రాలు. ఖాళీగా ఉన్న రెండో చోటు చూస్తే మనసు ఆగదు. నింపాలంటే కావాల్సినవి వరసగా రాసుకోండి: మొదటిదాంతో అచ్చంగా కలిసే ఇంకో చిప్, దానికి సరిపోయే ఆ కంపెనీ హీట్‌సింక్, దాని వైపు విడిగా ర్యామ్. డెల్ టీ5500లో అయితే రెండో ప్రాసెసర్ కూర్చునే ప్రత్యేక బోర్డు కూడా. ఇవన్నీ వేర్వేరు చోట్ల వెతకాలి. అన్నీ దొరికాక వాట్లు రెట్టింపు, ఫ్యాన్ల మోత రెట్టింపు, యూపీఎస్ సమయం సగం. ఫొటోషాప్ వేగం మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది.

ఇంకో సంగతి తెలిసి ఉండాలి. డబ్ల్యూ3500, డబ్ల్యూ3600 వరసలు ఒక్క ప్రాసెసర్ యంత్రాల కోసం చేసినవి. ఇంకో ప్రాసెసర్‌తో మాట్లాడే దారి వాటికి లేదు. జెడ్800లో రెండు డబ్ల్యూ3690లు జంటగా నడవవు. జంటకు 5500, 5600 వరసలే కావాలి. ఆ డబ్బు ఎస్ఎస్‌డీ మీద, మంచి యూపీఎస్ మీద పెట్టండి.

7. కొత్త విండోస్ కోసం ప్రాసెసర్ మార్చకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటినుంచి "ప్రాసెసర్ మార్చుకుంటే 11 ఎక్కుతుంది" అనే మాట బాగా తిరుగుతోంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ కోర్ జాబితా కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరంతో మొదలవుతుంది, దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది. ఎల్‌జీఏ1366 (జెడ్400, జెడ్600, జెడ్800లది), 1155, 2011 సాకెట్లలో పట్టే ఏ ప్రాసెసరూ ఆ జాబితాలో లేదు. ఎంత ఖర్చు పెట్టినా ఆ బోర్డుతో ఆ గుమ్మం దాటలేరు.

ఇంకో గోడ కూడా ఉంది. 2011లో శాండీ బ్రిడ్జ్ తరంతో ఇంటెల్ ఏవీఎక్స్ అనే ఆదేశాల సమూహాన్ని ప్రాసెసర్లలో పెట్టింది. ఏవీఎక్స్2 2013లో హాస్వెల్ తరంతో వచ్చింది. డబ్ల్యూ3690, ఎక్స్5690 ఎంత వేగమైనవైనా వాటిలో ఏవీఎక్స్ లేదు. పిల్లలకు కృత్రిమ మేధ నేర్పుదామని టెన్సర్‌ఫ్లో వేయబోతే, 1.6 నుంచి సిద్ధంగా దొరికే ప్యాకేజీలు ఏవీఎక్స్ లేని యంత్రంలో నడవవు. అలాంటి ఆలోచన ఉన్న బడి ల్యాబులు 1366 మీద రూపాయి కూడా పెట్టకూడదు. ఏవీఎక్స్2 కూడా కావాలంటే జెడ్440 లాంటి ఎల్‌జీఏ2011-3 పెట్టె నుంచి మొదలుపెట్టాలి.

పాత పెట్టెలకు లినక్స్ మంచి దారి. ఉబుంటు, మింట్, డెబియన్ ఈ జియాన్ల మీద హాయిగా నడుస్తాయి, భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. టైపింగ్, ఇంటర్నెట్, దరఖాస్తులు, పాఠాల వీడియోలు వీటి మీద జరిగిపోతాయి.

8. బయాస్ పని పాత ప్రాసెసర్‌తోనే, వానాకాలం కాకుండా

కొత్త చిప్ వచ్చిందన్న సంబరంలో ముందు దాన్ని బిగించి, తర్వాత బయాస్ సంగతి చూద్దామంటారు. బోర్డుకు ఆ చిప్ ఎవరో తెలియాలంటే దాని వివరం బయాస్‌లో ఉండాలి. లేకపోతే తెర రాదు. తెర రాకపోతే బయాస్ మార్చే దారీ ఉండదు. కాబట్టి పాత ప్రాసెసర్ ఉండగానే తయారీదారు సైట్ నుంచి ఆఖరి బయాస్ దించుకుని వేయండి, ఒకటి రెండు రోజులు నడిపి చూడండి, ఆ తర్వాతే చిప్ ముట్టుకోండి.

బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. దానికి యూపీఎస్ ఉండి తీరాలి, బ్యాటరీ నిండి ఉండాలి. వేసవి మధ్యాహ్నాలు ఈదురుగాలులు లేచే వేళ, వర్షాకాలంలో ఉరుములున్న రోజు ఈ పని పెట్టుకోకండి. తెల్లవారుజామున గాలి లేనప్పుడు చేసుకోండి. వర్క్‌స్టేషన్ ఎస్ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్‌ల మీద సరిగా నిలబడవు, కరెంటు పోయిన క్షణంలో రీస్టార్ట్ అవుతాయి. ముందే ఒకసారి ఖాళీ సిస్టమ్ మీద యూపీఎస్ ప్లగ్గు తీసి చూడండి. రీస్టార్ట్ అయితే ఆ యూపీఎస్‌ను నమ్మి బయాస్ పని చేయకండి.

లో ఓల్టేజీకి భయపడేవారు ఎక్కువ, పిడుగుకు భయపడేవారు తక్కువ. ఎస్ఎంపీఎస్ మీద 100–240 అని రాసి ఉంటే సాయంత్రపు లో ఓల్టేజీ దానికి పెద్ద లెక్క కాదు. పిడుగు మాత్రం నెట్ కేబుల్ గుండా కూడా వస్తుంది. ఉరుము వినగానే కరెంటు ప్లగ్గుతోపాటు ఆ కేబులూ పీకేయండి.

9. ధర అడిగే ముందు ఫొటో అడగండి

"తక్కువలో ఎంతకిస్తారు" అని మొదలుపెడితే బేరం ధర చుట్టూ తిరుగుతుంది, చిప్ ఏమిటో ఎవరూ చూడరు. ముందు చిప్ పైభాగం ఫొటో అడగండి, అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. మోడల్ పేరు దగ్గర్లో ఎస్‌తో మొదలయ్యే ఐదు అక్షరాల కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను ఇంటర్నెట్‌లో కొడితే అది ఏ ప్రాసెసరో తెలుస్తుంది. ఆ కోడ్ క్యూతో మొదలైతే, లేదా చిప్ మీద ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే, అది అమ్మకానికి చేసింది కాదు, పరీక్షల కోసం చేసిన నమూనా. దాన్ని కొన్ని బోర్డులు గుర్తుపట్టవు, గుర్తుపట్టినా పని తీరుకు హామీ లేదు. ఎంత చవకైనా వద్దు.

తర్వాత, మీ మోడల్ పెట్టెలోనే ఆ చిప్ బిగించి, ఆన్ చేసి, సెటప్ తెర మీద పేరు వచ్చేదాకా వీడియో తీసి పంపమనండి. నిజాయితీగా వ్యాపారం చేసేవారికి ఇది పది నిమిషాల పని. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి. చేతికొచ్చాక విండోస్‌లో సీపీయూ-జెడ్, లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ చెప్పే పేరు చిప్ మీది పేరుతో కలుస్తోందో లేదో చూడండి.

10. బిగించేటప్పుడు భయపడండి, పాతదాన్ని ఎవరికీ ఇవ్వకండి

ధైర్యంగా చేసేయండి అనేవారి మాట ఇక్కడ వినకండి. ఈ తరం ప్రాసెసర్ల కింద పిన్నులుండవు, చదునైన బంగారు చుక్కలుంటాయి. పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. ఒక్కటి వంగినా ర్యామ్‌లో సగం కనిపించకపోవచ్చు, సిస్టమ్ అసలు లేవకపోవచ్చు. చిప్ తీసిన వెంటనే ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే తీరున మెరవాలి. మెరుపులో ఎక్కడైనా తేడా ఉంటే అక్కడ ఆగిపోండి. సాకెట్ మీద వేలు పెట్టకండి, గుడ్డతో తుడవకండి, నోటితో ఊదకండి.

కొత్త చిప్‌ను అంచులు పట్టుకుని, మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ గుర్తుతో కలిసేలా, నిటారుగా కిందికి దించి వదిలేయండి. అదే కూర్చోవాలి. పైనుంచి నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో తప్పు జరుగుతోంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెట్టండి. ఎక్కువ పూస్తే చల్లబడుతుందన్నది అపోహ. హీట్‌సింక్ స్క్రూలు ఒకదాని తర్వాత ఎదురుమూలది చొప్పున కొంచెం కొంచెంగా బిగించండి.

పనంతా అయ్యాక షాపువారు పాత చిప్‌ను మార్పిడిలో అడుగుతారు. ఇవ్వకండి. దానికొచ్చే డబ్బు స్వల్పం. కొత్తది ఆరు నెలలకు మొరాయిస్తే ఆ రోజే పాతది బిగించి పని కొనసాగించుకోవచ్చు. కొత్త చిప్ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని పెట్టి, పైన పేరు రాసి, తేమ తగలని చోట దాచండి. ఊళ్లో ఇంకెవరిదైనా సిస్టమ్ లేవనప్పుడు తప్పు చిప్‌దా బోర్డుదా తేల్చడానికీ అదే పనికొస్తుంది.

చివరగా ఒక్క మనవి. హైదరాబాద్‌కో విశాఖపట్నానికో ఫోన్ చేసే ముందు ఒక కాగితం తీసుకుని ఇవి రాయండి: పెట్టె మోడల్, ఇప్పుడున్న ప్రాసెసర్ పేరు, బయాస్ తేదీ, హెచ్‌పీ అయితే బూట్ బ్లాక్ తేదీ, ర్యామ్ స్లాట్లు ఎన్ని, ర్యామ్ ఏ రకం, ఎస్ఎంపీఎస్ వాట్లు, యూపీఎస్ వీఏ, మీరు రోజూ ఎక్కువగా చేసే పని. ఆ కాగితం ఫొటో తీసి అమ్మేవారికి పంపండి, ఈ పెట్టెలో పడుతుందని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు రాకుండా మాత్రం డబ్బు పంపకండి.